ఎఫ్4 ఎందుకు ఓడింది?

మా ఇంట్లో ఫార్మసీవాళ్లు ఇద్దరు. ఒకరు మా ఆవిడ. కోస్తాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫార్మాస్యూటిక్స్ చెబుతుంది, పీహెచ్‌డీ ప్రవేశాల కమిటీలో కూర్చుంటుంది. రెండోవాడు మా తమ్ముడు. ఎం.ఫార్మసీ అయ్యాక హైదరాబాదు చేరి, ఒక మందుల కంపెనీ ఆర్ అండ్ డీలో మాత్రల ఫార్ములేషన్ చూసే బృందాన్ని నడుపుతున్నాడు. ఆవిడకు పీహెచ్‌డీ ఉంది, వీడికి లేదు. ఆ సంగతి ఇద్దరూ పైకి ఎత్తరు. ఎత్తకపోయినా మాటల్లో వినపడుతూనే ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఇల్లంతా పేకాటలో ఉంటే వీళ్లిద్దరూ వరండాలో కూర్చుని, పీహెచ్‌డీ సీటు ఎవరికి ఇవ్వాలి అన్నదాని మీద పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. నాకు ఆ శాస్త్రం రాదు. ఏళ్ల తరబడి భోజనాల దగ్గర విని వంటబట్టినంతే. పత్రికకు రాసుకుంటానంటే ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. కనక వదిన, మరిది.

మరిది: వదినా, ముందు ఇది చెప్పండి. ఎం.ఫార్మసీలో 55 శాతం వచ్చినవాడు పరిశోధనకు పనికొస్తాడు, 54.8 వచ్చినవాడు పనికిరాడు. ఈ లెక్క ఎవరు కట్టారు?

వదిన: యూజీసీ కట్టింది. 2022 నవంబరు 7న నోటిఫై చేసిన నిబంధనల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు కూడా ఉంది. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదయ్యా. 250 మిల్లీగ్రాములు దాటిన మాత్ర బరువు ఐదు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని మీరు గీసుకోలేదూ?

మరిది: గీసుకున్నాం. కానీ ఇరవై మాత్రలు తూచి, రెండు గీత దాటినా బ్యాచ్ పాస్ చేస్తాం. ఫార్మకోపియాలో ఆ రెంటికీ చోటుంది. మీ యూజీసీలో లేదు.

వదిన: ఆ రెండూ కూడా పది శాతం దాటకూడదన్న ముక్క మింగేశావు. పోనీలే. మార్కుల గీత దగ్గర ఆగిపోయేవాళ్లు ఎంతమంది? ఈ రోజుల్లో ఎం.ఫార్మసీలో 55 రానివాణ్ణి ఒక్కణ్ణి పట్టుకురా చూద్దాం. ఇంటర్నల్స్ ఎలా పడతాయో నీకు తెలీదా? అసలు వడపోత ఆ తరవాత.

మరిది: అక్కడికే వస్తున్నా. ప్రవేశపరీక్షలో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. అందులో 50 శాతం తెచ్చుకుంటే ఇంటర్వ్యూకి పిలుపు. చివరి లెక్కలో పరీక్షకు 70, ఇంటర్వ్యూకి 30. మూడు నుంచి ఆరేళ్లు ఒక సమస్యతో కాపురం చెయ్యాల్సిన మనిషిని, నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టించి ఎంచుకుంటున్నారు. మా దగ్గర ల్యాబ్ అటెండరును కూడా అలా తీసుకోం.

వదిన: మీ దగ్గరికి పది పోస్టులకు ఎన్ని దరఖాస్తులొస్తాయో, వాటిలో ఎన్ని హెచ్‌ఆర్ వాళ్లు తెరవకుండానే పక్కన పడేస్తారో చెప్పి అప్పుడు మాట్లాడు. మా దగ్గర ప్రతి దరఖాస్తూ తెరవాలి. ప్రతివాడికీ హాల్‌టికెట్ ఇవ్వాలి.

మరిది: ఇస్తారు సరే, అందులో ఏం అడుగుతారు? పోనీ మీ పరీక్ష వద్దు, నెట్ సంగతే చూద్దాం. 2024 జూన్ నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీలోకి తీసుకోవచ్చన్నారు కదా. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ రాకపోయినా ఆ స్కోరుకు 70, ఇంటర్వ్యూకి 30 అన్నారు. దేశమంతటికీ ఒకే పరీక్ష, ఊరూరా తిరిగే పని తప్పింది అన్నారు. బాగుంది. ఆ నెట్‌లో ఫార్మసీ ఏదీ? యూజీసీ నెట్ సబ్జెక్టుల జాబితాలో ఫార్మసీ లేదు. 2024 డిసెంబరు నుంచి ఆయుర్వేద బయాలజీని చేర్చారు, మనని మాత్రం చేర్చలేదు. సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఉన్నవి ఐదు పేపర్లు: కెమికల్, లైఫ్, ఫిజికల్, మ్యాథమెటికల్, ఎర్త్. ఫార్మకాలజీ చదివిన పిల్ల లైఫ్ సైన్సెస్ రాయాలి, అంటే మొక్కల శరీరధర్మం, జీవావరణం, పరిణామం అన్నీ మళ్లీ మొదట్నుంచి. ఫార్మాస్యూటిక్స్ చదివినవాడు ఏది రాయాలి? మాత్ర ఎలా కరుగుతుందన్నది ఆ ఐదింటిలో ఎక్కడుంది?

వదిన: జీప్యాట్ ఉందిగా.

మరిది: జీప్యాట్ ఎం.ఫార్మసీ ప్రవేశానికి పెట్టిన పరీక్ష. 125 ప్రశ్నలు, 500 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఉన్నదంతా బి.ఫార్మసీ సిలబస్. నైపర్ లాంటిచోట పీహెచ్‌డీకీ జీప్యాటో, గేటో, నెట్టో ఉండాలంటారు. అంటే ఎం.ఫార్మసీలో రెండేళ్లు వాడు ఏం నేర్చాడన్నది ఏ జాతీయ పరీక్షా అడగదు. నాలుగేళ్ల కిందట బట్టీ పట్టిన వర్గీకరణలు గుర్తున్నాయా లేదా అన్నదే అడుగుతుంది.

వదిన ఇక్కడ కాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ తగిలిందని నాకు అర్థమైంది. ఫార్మసీకి నెట్ లేకపోవడం ఆవిడకూ పాత పుండే. జేఆర్‌ఎఫ్ లేకపోతే డబ్బు లేదు. డబ్బు సంగతి తరవాత వస్తుంది.

వదిన: సరే, మంచి పేపరు లేదు. ఒప్పుకున్నా. అయితే దాని బదులు ఏం పెట్టమంటావు?

మరిది: మనిషిని కూర్చోబెట్టి మాట్లాడండి. గంటసేపు. వాడి ఎం.ఫార్మసీ థీసిస్ ముందు పెట్టుకుని.

వదిన: ఆ థీసిస్‌లు ఎలా ఉంటాయో...

మరిది: నాకంటే ఎవరికి తెలుసు? ఏటా కంపెనీలో చేరడానికి వచ్చే పిల్లల థీసిస్‌లు తిరగేస్తుంటాను. సగం వాటికి పేరు ఒకటే, మందు పేరు ఒక్కటి మారుతుంది. ‘ఫలానా మందు సస్టెయిన్డ్ రిలీజ్ మాత్రల ఫార్ములేషన్, ఎవాల్యుయేషన్.’ మందును మెల్లగా వదిలించే హెచ్‌పీఎంసీ పాళ్లు మార్చి తొమ్మిది రకాల మాత్రలు కొడతారు, ఎఫ్1 నుంచి ఎఫ్9 దాకా. అన్నిటినీ డిసల్యూషన్ యంత్రంలో వేస్తారు. 900 మిల్లీలీటర్ల ద్రావణం, 37 డిగ్రీలు, తెడ్డు 50 ఆర్‌పీఎం. గంటగంటకూ ఐదు మిల్లీలీటర్లు తీసి, తీసినంత కొత్తది పోస్తారు. చివర ఎఫ్7 గెలుస్తుంది. తెలుగు సినిమాలో హీరోలాగా ముందే తెలిసిపోతుంది. ఆ తరవాత జీరో ఆర్డర్, ఫస్ట్ ఆర్డర్, హిగుచి, కోర్స్‌మేయర్-పెపాస్ అని పట్టిక వేసి, ఆర్ స్క్వేర్ దేనికి ఎక్కువ వస్తే అదే నిజమంటారు. నేను ఒక్కటే అడుగుతాను. ‘అమ్మా, ఎఫ్7 సంగతి నాకొద్దు. ఎఫ్4 ఎందుకు ఓడింది?’ పన్నెండు గంటలు నిలబడాల్సిన మాత్ర నాలుగు గంటల్లో ఎందుకు విచ్చిపోయింది? అప్పుడు మనిషి బయటపడతాడు. కొందరు ‘ఎఫ్7 ఆప్టిమైజ్డ్ ఫార్ములేషన్ సార్’ అని మళ్లీ మొదటికొస్తారు. ఒక పిల్ల చెప్పింది, ‘సార్, ఎఫ్4 రోజు గ్రాన్యూల్స్ సరిగా ఆరలేదు, మాత్ర గట్టితనం తక్కువొచ్చింది, అయినా అలాగే వేసేశాం’ అని. ఆ పిల్లను అక్కడికక్కడే తీసుకున్నాను. మీ పరీక్షలో ఆ అమ్మాయికి ఎన్ని మార్కులొస్తాయో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు.

వదిన: తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ అమ్మాయిని తీసుకున్నది నువ్వు. నీ స్థానంలో ఇంకొకడు కూర్చుంటే ఆ నిజాయితీకి ‘అయితే తప్పు డేటా రాశావన్నమాట’ అని ఇంటికి పంపేవాడు. ఇంటర్వ్యూ గొప్పదే, అడిగేవాడు గొప్పవాడైతే. 2016 నిబంధనల్లో యూజీసీ సరిగ్గా నువ్వు చెప్పినట్టే చేసింది. పరీక్ష అర్హతకు మాత్రమే, ఎంపిక అంతా వైవా మీద. ఢిల్లీలో జేఎన్‌యూ పిల్లలు ఎంత గొడవ చేశారో గుర్తులేదా? వైవా మార్కుల్లో వివక్ష ఉందని వాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. చివరికి 2018లో సవరించి 70, 30 చేశారు. ఆ 70 ఊరికే రాలేదు నాయనా.

మరిది: ఇంటర్వ్యూలో వివక్ష ఉందని పరీక్షను నెత్తిన పెట్టుకోవాలా?

వదిన: విను. మా కమిటీలో ఒకసారి జరిగింది. ఒక అబ్బాయి, ప్రవేశపరీక్షలో రెండో స్థానం. లోపలికొచ్చాడు, చెప్పులు బయట విప్పి వచ్చాడు పాపం, గుడికొచ్చినట్టు. పక్క మెంబరుగారు ఇంగ్లీషులో మొదలుపెట్టారు, ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అని. అబ్బాయి నోట మాట లేదు. ఆ తరవాత ‘మీదే ఊరు, మీ నాన్నగారేం చేస్తారు’ అని మొదలైంది. ఆ ప్రశ్నలు దేనికోసమో నీకు నేను చెప్పక్కర్లేదు. ఐదు నిమిషాలకు అయిపోయిందనిపించారు. అప్పుడు నేను అతని థీసిస్‌లో పెపాస్ గ్రాఫ్ తీసి, ‘తెలుగులోనే చెప్పు బాబూ, ఈ సమీకరణం మొదటి అరవై శాతం విడుదల వరకే కదా పనికొచ్చేది, నువ్వు పన్నెండు గంటల పాయింట్లూ ఎందుకు వేశావు?’ అన్నాను. తల ఎత్తాడు. ‘మేడమ్, మా ల్యాబ్‌లో అందరూ అలాగే వేస్తారు. నేను వేస్తే అరవై దాటాక గీత వంగిపోయింది. ఎందుకో పుస్తకం చూస్తే తెలిసింది. సార్‌కి చెబితే చివరి పాయింట్లు తీసెయ్, కానీ ఎందుకు తీశావో మాత్రం రాయకు అన్నారు. తీయలేదు మేడమ్’ అన్నాడు.

మరిది: అదిగో! అదే నేను చెప్పేది. ఆ ప్రశ్న ఏ ఓఎంఆర్ షీటు అడుగుతుంది?

వదిన: తొందరపడకు. నేను ముప్పైకి ఇరవై ఎనిమిది వేశాను. పక్కాయన తొమ్మిది వేశారు, ‘కమ్యూనికేషన్ వీక్’ అని. సగటు తీస్తే పద్దెనిమిదిన్నర. అయినా సీటొచ్చింది. ఎందుకొచ్చింది? డెబ్భైలో వాడికి యాభై తొమ్మిది ఉన్నాయి కాబట్టి. నీ గంట ఇంటర్వ్యూ పద్ధతిలో ఆ అబ్బాయి మళ్లీ ఊరెళ్లిపోయేవాడు. పరీక్ష గుడ్డిదే. కానీ వాడి చెప్పులూ, వాళ్ల నాన్నా దానికి కనపడవు.

ఇక్కడ నా ఓటు మా ఆవిడకే. ఇంట్లో మళ్లీ అన్నం పెట్టేది ఆవిడే అని కాదు. మంచి ప్రశ్న అడిగే మనిషి కమిటీలో ఉండడం అదృష్టం. అదృష్టం మీద ప్రవేశాలు నడపలేం. తమ్ముడు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

మరిది: అయితే ఆ ప్రశ్ననే పరీక్షలో పెట్టండి. ఒక డిసల్యూషన్ పట్టిక ఇవ్వండి. పన్నెండు పాయింట్లు. అందులో ఒకటి తేడాగా ఉంటుంది. ఏమై ఉంటుందో అరపేజీలో రాయమనండి, తెలుగులో రాసినా సరే. పేరు కనపడకుండా కోడ్ నంబరుతో దిద్దండి.

వదిన: ఎవరు దిద్దుతారు?

మరిది: మీరే.

వదిన: అందరి అరపేజీలూ? ఫార్మాస్యూటిక్స్ ఒక్కటే కాదయ్యా. కెమిస్ట్రీ, ఫార్మకాలజీ, ఫార్మకాగ్నసీ, ఇప్పుడు ఫార్మసీ ప్రాక్టీసు. 2008లో మొదలైన ఫార్మ్‌డీ చదివిన పిల్లలు వస్తున్నారు, ఐదేళ్లు చదివి, ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసి. వాళ్లకు ఐసీయూలో రోగి కేస్‌షీటు చదవడం వచ్చు. కానీ చాలాచోట్ల ప్రవేశపరీక్షలో వాళ్లనీ హెటిరోసైక్లిక్ రింగుల పేర్లే అడుగుతారు. ఒక్కో శాఖకు వేరే ప్రశ్న రాయాలి, వేరే మనిషి దిద్దాలి. అబ్జెక్టివ్ ఎందుకు వచ్చిందనుకుంటున్నావు? దిద్దే ఓపిక లేక. దిద్దినదాని మీద కోర్టుకెళ్లే భయంతో.

మరిది: అదీ అసలు సంగతి. పిల్లల కోసం కాదు, కోర్టు కోసం.

వదిన: కోర్టు కోసం కూడా. దాంట్లో సిగ్గుపడేదేం లేదు.

మరిది: అమెరికాలో ఎలా చేస్తున్నారో చూడండి మరి. అక్కడ ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లో పీహెచ్‌డీకి ఉమ్మడి పరీక్షంటూ లేదు. జీఆర్‌ఈ కూడా చాలా విభాగాలు తీసేశాయి. ఇంగ్లీషుకు టోఫెలో ఐఈఎల్‌టీఎస్సో, మార్కుల పత్రాలు, ఎందుకు చదవాలనుకుంటున్నావో ఒక రెండు పేజీలు, ముగ్గురి దగ్గర సిఫారసు ఉత్తరాలు. మన బి.ఫార్మసీ నాలుగేళ్లు చాలు, ఎం.ఫార్మసీ అక్కర్లేదు. డిసెంబరులో దరఖాస్తు పెడితే వసంతానికి కబురు. ఫీజు మాఫీ, పైగా స్టైపెండు. మన హైదరాబాదు, విజయవాడ పిల్లలు గుంపులు గుంపులుగా ఎందుకు వెళ్తున్నారు?

వదిన: ఆ సిఫారసు ఉత్తరాలు ఎవరు రాస్తారో నీకు తెలియదూ?

మరిది నవ్వాడు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

వదిన: పిల్లలొస్తారు. ‘మేడమ్, ఎల్‌ఓఆర్ కావాలి.’ కొందరు సార్లు ఏమంటారు? ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను.’ ఆ పిల్లవాడు అమీర్‌పేటలోనో మరోచోటో కన్సల్టెన్సీకి వెళ్తాడు. వాళ్ల దగ్గర నమూనా ఉంటుంది. ముగ్గురు సార్లు, మూడు ఉత్తరాలు, మూడింటిలో ఒకే వాక్యాలు. అక్కడి కమిటీవాడు ఉత్తరాన్ని నమ్ముతాడు, ఎందుకంటే వాళ్ల ఊళ్లో ఆ ఉత్తరం రాసినవాడు తన పరువు పెట్టి రాస్తాడు. ‘ఈ అబ్బాయి తెలివైనవాడే గాని నోట్‌బుక్ సరిగా రాయడు’ అని కూడా రాస్తాడు. మన దగ్గర నేను అలా రాస్తే పిల్లవాడి అమ్మానాన్నలు ఇంటికొచ్చి ఏడుస్తారు. ఆ పద్ధతి తెచ్చి ఇక్కడ పెట్టు, మూడేళ్లలో ఉత్తరాలు రాసే దుకాణాలు పుట్టుకొస్తాయి. పుట్టేశాయి కూడా.

మరిది: మరి సుబ్బారావుగారు...

వదిన: యల్లాప్రగడ సుబ్బారావుగారిని తేవద్దు. ఫార్మసీలో ఏ వాదం వచ్చినా ఆయన్నే తెస్తారు.

మరిది: ఒక్క ముక్క. ఆయనకి మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఇవ్వకుండా అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్ పట్టా ఇచ్చి పంపారు. ఆ ఎల్‌ఎంఎస్‌తో వెళ్లినవాడికి హార్వర్డ్ 1930లో పీహెచ్‌డీ ఇచ్చింది.

వదిన: మధ్యలో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేశాడు, అదీ హార్వర్డ్‌లోనే. ముందు చేర్చుకుని, పనిచెయ్యనిచ్చి, ఆ తరవాత కదా పీహెచ్‌డీ. ప్రవేశం దగ్గర అంత పట్టుబట్టక్కర్లేదని నువ్వంటే నేను కొంతవరకు ఒప్పుకుంటాను. లోపలికొచ్చాక పట్టుబట్టాలి. అమెరికాలో చాలాచోట్ల మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిప్పుతారు, ఆ తరవాతే గైడు. రెండో ఏడాది చివరికి క్వాలిఫయింగ్ పరీక్ష. అందులో పోతే మాస్టర్స్ పట్టా చేతిలో పెట్టి దణ్ణం పెడతారు. నువ్వు ఆ సగం చెప్పలేదు.

మరిది: మన దగ్గరా కోర్సువర్కు ఉందిగా. కనీసం 12 క్రెడిట్లు, రీసెర్చ్ ఎథిక్స్ తప్పనిసరి, 55 శాతం రాకపోతే ముందుకు పోనివ్వకూడదు. కాగితం మీద అంతా ఉంది. కోర్సువర్కులో ఎవరైనా పోవడం మీరు చూశారా?

వదిన: లేదు.

మరిది: ఆరునెలలకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు కూర్చుని చెప్పాలి. ఆ కమిటీ ఎవరినైనా ‘బాబూ, నీవల్ల కాదు, వెళ్లిపో’ అందా?

వదిన: అనదు. ఎవరంటారు? గైడు పక్కనే కూర్చుని ఉంటే. అదీగాక సీటు ఖాళీ అయితే ఆ గైడుకే నష్టం.

మరిది: సీట్లంటే గుర్తొచ్చింది. మీరు ప్రవేశం ప్రవేశం అంటున్నారు గాని, నోటిఫికేషనులో సీట్ల సంఖ్య ఎలా వస్తుంది? ప్రొఫెసరుకు ఎనిమిది మంది, అసోసియేటుకు ఆరు, అసిస్టెంటుకు నలుగురు. రిటైరవడానికి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. అంటే ఈ ఏడాది ఏ గైడు దగ్గర ఖాళీ ఉందో అదే మీ సీటు. వాడికి నానోపార్టికల్స్ మీద పని చెయ్యాలని ఉంటుంది, ఖాళీ ఉన్నది ఆకుపసర్లు ఎలకలకు ఎక్కించే సారు దగ్గర. వీడు ఎలకలతో మొదలుపెడతాడు. జంతు ప్రయోగాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అభ్యర్థికి ఇన్ని అర్హతలు అడుగుతారు, గైడుకు ఏం అడుగుతారు?

వదిన: అడుగుతారు. ప్రొఫెసరు, అసోసియేటు అయితే ఐదు పేపర్లు, అసిస్టెంటుకు మూడు.

మరిది: పేపర్లు ఎలా అచ్చవుతాయో మాట్లాడుకుందామా?

వదిన: వద్దు. పండగ పూట.

(ఇక్కడ కాఫీలు వచ్చాయి. జంతికలు కూడా.)

మరిది: పోనీ ఒకటి. బి.ఫార్మసీ నాలుగేళ్లలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి రావచ్చని అదే 2022 నిబంధనలో ఉంది. మీరెందుకు తీసుకోరు?

వదిన: కావాలనే. బి.ఫార్మసీ ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు అంటే నలుగురు పిల్లలు కలిసి ఒక రికార్డు రాయడం. యంత్రం మీద చెయ్యి పెట్టనివాణ్ణి తెచ్చి హెచ్‌పీఎల్‌సీ ముందు కూర్చోబెడితే ఆ కాలమ్ ఖర్చు ఎవరు పెడతారు? ఎం.ఫార్మసీలో కనీసం ఒక ఎఫ్4 అయినా ఓడి ఉంటుంది.

ఆ మాటకు మా తమ్ముడు చప్పట్లు కొట్టాడు. వదిన దొరికిపోయానని గ్రహించింది గాని, వెనక్కి తీసుకోలేదు.

మరిది: అంటే ఓడినవాడే కావాలి. చూశారా, మనిద్దరం ఒకటే అంటున్నాం. తేడా ఏంటంటే నేను పైకి అంటున్నాను.

వదిన: తేడా అది కాదు. నువ్వు తెలివైనవాణ్ణి ఎలా పట్టుకోవాలా అని చూస్తున్నావు. నేను ఎవడు బయటే ఉండిపోతున్నాడా అని చూస్తున్నాను. పరీక్ష ఎలా ఉండాలన్నది కాసేపు పక్కన పెట్టు. ఎం.ఫార్మసీ అయిన పిల్ల అసలు పరీక్షకే ఎందుకు రాదో తెలుసా? జీప్యాట్ వస్తే ఎం.ఫార్మసీలో నెలకు 12,400 స్కాలర్‌షిప్. పీహెచ్‌డీకి వచ్చేసరికి జేఆర్‌ఎఫ్ ఉంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తరవాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. దానికి నెట్ కావాలి. నెట్‌లో ఫార్మసీ లేదని నువ్వే అన్నావు. ఏఐసీటీఈ ఫెలోషిప్‌లు, ఇన్‌స్పైర్ లాంటివి ఉన్నాయి, చాలా కొద్దిమందికి. మిగతావాళ్లు? ఉదయం ఏదో కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం ల్యాబుకు వస్తారు. పార్ట్‌టైమ్. అందులో సగం మందికి కావల్సింది పరిశోధన కాదు, పట్టా. ఫార్మసీ కౌన్సిల్ (పీసీఐ) లెక్కలో ప్రిన్సిపాల్ కావాలంటే, ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి కదా. వాళ్లనీ తప్పుపట్టలేను. ఇల్లు గడవాలి.

మరిది: వాళ్లను తప్పుపట్టలేరు సరే, ఆ పీహెచ్‌డీ నాణ్యత?

వదిన: వాణ్ణి రోజుకు ఆరు క్లాసులు తీసుకొమ్మని, రాత్రి పదింటికి డిసల్యూషన్ పెట్టుకొమ్మని, నాణ్యత అడిగితే ఎలా? అర్హతల్లో ‘నెలకు ఇంత’ అని ఒక్క గీత గీసి చూడు. ఫెలోషిప్ చూపించలేని విభాగం నోటిఫికేషనే ఇవ్వకూడదు అని. అప్పుడు చూద్దాం పరీక్ష కష్టమా సులువా అని.

మరిది: అలా అయితే సగం విశ్వవిద్యాలయాలు నోటిఫికేషనే ఇవ్వలేవు.

వదిన: ఇవ్వకపోతే ఇవ్వనీ.

ఈ మాట మా ఆవిడ నోట వింటానని నేను అనుకోలేదు. సీట్లు తగ్గిస్తే ముందు పోయేది పేదపిల్లలే అని ఆవిడే కదా ఇన్నాళ్లూ అంటూ వచ్చింది. అడిగాను. ‘జీతం లేని సీటు పేదపిల్లకు సీటే కాదండీ, బాకీ’ అంది. నాకు పూర్తిగా నచ్చలేదు. బాకీతోనైనా పైకొచ్చినవాళ్లను మా ఊళ్లోనే చూశాను. కానీ ఆవిడ చూసినంతమందిని నేను చూడలేదు.

మరిది: పార్ట్‌టైమ్ సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ విశ్వవిద్యాలయం కాదు, వేరేచోట. నా టీములో పిల్ల, ఎఫ్4 పిల్ల అన్నానే, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి పెట్టుకుంది. పరీక్ష పాసైంది. ఇంటర్వ్యూ దగ్గర ఆపారు.

వదిన: ఎందుకు?

మరిది: ఎన్‌ఓసీ లేదని. మా హెచ్‌ఆర్ ఇవ్వనంటోంది.

వదిన: ఓహో. పొద్దుట్నుంచి మా పరీక్షను తిడుతున్నావు, మా ఇంటర్వ్యూను తిడుతున్నావు. పరీక్ష దాటిన పిల్లను ఆపింది మీ కంపెనీ.

మరిది: అంత సులువు కాదు వదినా. ఆ పిల్ల పనిచేసే మాలిక్యూల్ డేటా బయటికి పోకూడదు. పీహెచ్‌డీ అంటే థీసిస్ శోధ్‌గంగలో పెట్టాలి, ఎవరైనా చదువుకోవచ్చు. ఇంకా ఫైలింగ్ కాని ప్రాడక్టు డేటా ఎవడు పెట్టనిస్తాడు?

వదిన: ప్రాడక్టు మీద ఎందుకు చేస్తుంది? ఎక్సిపియెంట్ మీద చెయ్యమను. డిసల్యూషన్ పద్ధతి మీద చెయ్యమను. హెచ్‌పీఎంసీ బ్యాచ్ మారితే మాత్ర ఎందుకు మారుతుందో చెయ్యమను, దానికి మీ మాలిక్యూల్ అక్కర్లేదు, ఏ పాత మందైనా చాలు. మీకే రేపు పనికొస్తుంది. ఉద్యోగ ప్రకటనల్లో ‘పీహెచ్‌డీ ప్రిఫర్డ్’ అని రాస్తారుగా, వాళ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడతారు?

మరిది: సరే, టాపిక్ మార్చమని చెప్తాను. హెచ్‌ఆర్‌తో నేను మాట్లాడతాను. ఎన్‌ఓసీలో ఏం రాయాలి?

వదిన: మూడు ముక్కలు. ఒకటి, ఈమె పార్ట్‌టైమ్ చదువుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. రెండు, పరిశోధనకు తగినంత సమయం ఇచ్చేలా ఆమె డ్యూటీ ఉంటుంది. మూడు, అవసరమైతే కోర్సువర్కు పూర్తిచెయ్యడానికి డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తాం.

మరిది: మొదటిది సరే. రెండోది సర్దుతాను. మూడోది... కోర్సువర్కు ఎన్నాళ్లు?

వదిన: ఒక సెమిస్టరు అనుకో.

మరిది: సెమిస్టరా? మార్చిలో మా ప్లాంటుకు ఆడిట్ ఉంది వదినా. ఆ పిల్ల లేకపోతే డిసల్యూషన్ రికార్డులు ఎవరు చూపిస్తారు?